ధాన్యం ట్రాలీ కట్టే ముందు టైర్లలో గాలి సరిచూసుకునే పద్ధతి

యాసంగి కోతలు మొదలైతే నల్లగొండ జిల్లాలో ట్రాక్టరుకు పొలం పని తగ్గి రోడ్డు పని పెరుగుతుంది. కరిగెట దున్నేటప్పుడు పట్టు కోసం తగ్గించి ఉంచిన గాలితోనే కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికో, మిర్యాలగూడ మిల్లుకో ట్రాలీ లాగడం చాలామందికి అలవాటు. మెత్తని మడిలో మేలు చేసిన ఆ తక్కువ గాలే ఏప్రిల్, మే ఎండల్లో తారురోడ్డు మీద టైరుకు చేటు తెస్తుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్కభాగం ఎక్కువగా వంగి, ఆ వంపుకు లోపల వేడి పుట్టి, పొరలు విడిపోయి చివరికి పగులుతుంది.

ముందుగా బరువు తెలియాలి. 40 కిలోల బస్తాలు వంద వేస్తే ధాన్యమే 4 టన్నులు. ట్రాలీ సొంత బరువు దానికి అదనం. తడి ఆరని వడ్లను విడిగా నింపితే ఈ లెక్క కుదరదు కనుక, వేబ్రిడ్జి చీటీని నమ్మడమే మేలు. రెండు చక్రాల ట్రాలీ అయితే ఆ బరువులో కొంత కొక్కెం మీదుగా ట్రాక్టరు వెనుక ఇరుసు మీద పడుతుంది. నాలుగు చక్రాల ట్రాలీలో దాదాపు అంతా ట్రాలీ చక్రాలే మోస్తాయి.

ట్రాలీ టైరు పక్కన గరిష్ఠ బరువు, దానికి కావలసిన గాలి అచ్చువేసి ఉంటాయి. మట్టి తుడిచి చదవండి. ఆ రెండు అంకెలూ జంట: అంత బరువు మోయాలంటే అంత గాలి ఉండాలి. ఒక్కో చక్రం మీద పడే బరువు ఆ అంకెను దాటితే బస్తాలు దించాలే తప్ప గాలి పెంచడం పరిష్కారం కాదు. ఒకే ఇరుసు మీది టైర్లలో గాలి సమానంగా ఉండాలి.

ట్రాక్టరు వెనుక టైర్లకు సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 0.8 నుంచి 1.5 కిలోలు, అంటే సుమారు 11 నుంచి 21 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ముందు టైర్లకు 1.5 నుంచి 2.5 కిలోలు, అంటే సుమారు 21 నుంచి 36 పీఎస్‌ఐ ఉంచుతారు. పొలానికి ఈ హద్దులో కింది వైపు, ట్రాలీ లాగడానికి పై వైపు ఉంచాలి. కచ్చితమైన అంకె మాత్రం ట్రాక్టరు మాన్యువల్ చెప్పినదే. అంతకు మించి కొట్టిస్తే టైరు నడిమి గుబ్బలు త్వరగా అరిగి, ఖాళీ ట్రాలీతో తిరిగి వచ్చేటప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది.

కొలత తెల్లవారగానే, బండి కదలకముందే, చల్లని టైరు మీద తీయాలి. పరుగెత్తిన టైరులో గాలి వేడెక్కి అంకె పెరిగి కనిపిస్తుంది; అది చూసి గాలి వదిలితే చల్లారాక టైరు తక్కువ గాలితో మిగులుతుంది. పంచరు షాపుల్లో లారీ టైర్లకు వాడే గేజీ 100 పీఎస్‌ఐ దాటి చూపుతుంది కనుక 12కూ 16కూ తేడా దానిలో సరిగా తెలియదు. తక్కువ హద్దు గేజీ ఒకటి టూల్‌బాక్సులో ఉంచుకోండి. కర్రతో కొట్టి శబ్దం వినడం, కాలితో తన్ని చూడడం కొలతలు కావు.

వెనుక టైర్లలో నీళ్లు నింపి ఉంటే, వాల్వు పై వైపుకు వచ్చేలా చక్రం తిప్పి నిలిపి కొలవాలి. లేకుంటే గేజీలోకి నీళ్లు వస్తాయి. ఇలాంటి టైరులో గాలికి చోటు తక్కువ కాబట్టి, చిన్న లీకైనా ఒత్తిడి వేగంగా పడిపోతుంది. దాన్ని తరచుగా చూసుకోవాలి. గాలి పట్టించాక వాల్వు మీద సబ్బునీటి చుక్క వేయండి. బుడగ లేస్తే వాల్వు లోపల గాలిని ఆపే నిడుల్‌ను బిగించాలి లేదా మార్చాలి, ఆపై టోపీ పెట్టాలి.

ధాన్యం తోలడం ముగిసి మళ్లీ దుక్కికి దిగేటప్పుడు, టైర్లు చల్లారిన తరువాత, ట్రాక్టరు వెనుక చక్రాల గాలిని మాన్యువల్‌లో పొలానికి ఇచ్చిన అంకెకు తగ్గించుకోవాలి.