ఇంట్లో కట్టే బాట్ – 4వ పాఠం: ట్యాగు ఎక్కడ మొదలవుతుంది?

పోయిన పాఠంలో మన బాట్ (తనంతట తానే పోస్టులు పెట్టే ప్రోగ్రాం) బ్లూస్కై అనే సోషల్ నెట్‌వర్క్‌లో లాగిన్ అయి ఒక మామూలు వాక్యం పోస్టు చేసింది. ఈసారి ఆ వాక్యం చివర ట్యాగు, అంటే నొక్కగలిగే హ్యాష్ గుర్తు మాట, పెడదాం. చూడటానికి పది నిమిషాల పని. ఆఫీసు నుంచి వచ్చాక దీని ముందు కూర్చున్న నాకు రెండు రాత్రులు పట్టింది. అందుకే ఈ పాఠం మొత్తం దీనికే ఇస్తున్నాను.

మన పోస్టు ఇది:

నేటి పదం: కుండపోత #తెలుగు

మాస్టొడాన్ అనే ఇంకో నెట్‌వర్క్‌లో అయితే ట్యాగుని సర్వరే గుర్తుపట్టి లింకు చేస్తుంది. బ్లూస్కై నడిచే ఏటీ ప్రోటోకాల్‌లో పద్ధతి వేరు. రాత ఒకచోట ఉంటుంది, రాత మీది గుర్తులు ఇంకోచోట. ఆ గుర్తుని ఫాసెట్ అంటారు. ట్యాగు ఫలానా బైటు (కంప్యూటర్ రాతని దాచుకునే చిన్న ముక్క) దగ్గర మొదలై ఫలానా బైటుకి ముందు ముగుస్తుందని పోస్టు పంపేవాళ్ళే చెప్పాలి.

నేను పైథాన్‌లో హ్యాష్ గుర్తు ఎక్కడుందో వెతికించాను. 18 అని చెప్పింది (లెక్క సున్నా నుంచి మొదలు). ట్యాగు పొడవు 7, అంటే 18 నుంచి 25. అలాగే పంపాను. పోస్టు వెళ్ళింది, ట్యాగు మాత్రం లింకు కాలేదు. ఎర్రర్ కూడా రాలేదు.

కాగితం, పెన్ను తీసుకోండి. ఈ లెక్క ఒక్కసారి చేత్తో వేస్తే ఇక మరిచిపోరు. పైథాన్ లెక్కపెట్టేది కోడ్ పాయింట్లని, అంటే అన్ని లిపులకీ సంఖ్యలిచ్చే యూనికోడ్ పట్టికలో ఒక్కో సంఖ్య ఉన్న అక్షరాల్ని, గుర్తుల్ని. ‘నేటి’లో న, ఏత్వం, ట, గుడి: నాలుగు. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ ప్రతిదీ 3 బైట్లు. ఉదాహరణకి ‘త’ అంటే 224, 176, 164. కాబట్టి ‘నేటి’ 12 బైట్లు, ఖాళీ ఒకటి, ‘పదం’ 9, కోలన్ ఒకటి, మళ్ళీ ఖాళీ ఒకటి. ఇక్కడికి 24. ‘కుండపోత’లో క, కొమ్ము, సున్న, డ, ప, ఓత్వం, త: ఏడు, అంటే 21 బైట్లు. ఇంకో ఖాళీతో 46. ట్యాగు మొదలయ్యేది అక్కడ. హ్యాష్ ఒకటి, ‘తెలుగు’ 18, కాబట్టి ముగింపు 65.

నేను పంపిన 18 ఎక్కడ పడిందో చూడండి. బైట్లనీ సున్నా నుంచే లెక్కపెట్టాలి. ‘పదం’లోని ద 16, 17, 18 బైట్లలో ఉంది. నా లింకు ‘ద’ మూడో బైటు దగ్గర మొదలై ‘కుండపోత’లోని ‘క’ మొదటి బైటుతో ఆగింది. రెండు వైపులా అక్షరం మధ్యలో కోత పడింది.

బైట్లే ఎందుకు? మొదట నాకూ విసుగొచ్చింది, తర్వాత ఒప్పుకున్నాను. ఇక్కడ మీ పోస్టు మీ ఖాతా ఉన్న డేటా సర్వర్లో ఉంటుంది. దాన్ని చదివే యాప్ ఎవరైనా, ఏ ప్రోగ్రామింగ్ భాషలోనైనా రాసి ఉండవచ్చు. జావాస్క్రిప్ట్ యూటీఎఫ్-16 అనే ఇంకో పద్ధతి ముక్కల్ని లెక్కపెడుతుంది, పైథాన్ కోడ్ పాయింట్లని, స్విఫ్ట్ కంటికి కనిపించే అక్షరాల్ని. నడుమ పెద్దరికం చేసే ఒక్క కంపెనీ లేని చోట అందరికీ ఒకే జవాబొచ్చే కొలత కావాలి. బైటు అలాంటిది.

కోడ్‌లో మార్చాల్సింది ఒక్క వరుస. హ్యాష్‌కి ముందున్న భాగాన్ని యూటీఎఫ్-8గా ఎన్‌కోడ్ చేసి దాని పొడవు తీసుకోండి, అదే మొదలు. ట్యాగుని ఎన్‌కోడ్ చేసి ఆ పొడవు కలపండి, అదే ముగింపు. ఫాసెట్ లోపల ట్యాగు పేరు రాసేటప్పుడు హ్యాష్ గుర్తు తీసేయాలి.

పోస్టు పొడవు దగ్గర కొలత మళ్ళీ మారుతుంది. బ్లూస్కైలో పరిమితి 300 గ్రాఫీములు, అంటే కంటికి ఒకటిగా కనిపించే అక్షరాలు. (దీంతోపాటు 3000 బైట్లు దాటకూడదన్న హద్దూ ఉంది.) ‘స్త్రీ’ అని రాయండి. బళ్ళో నేర్చుకున్నట్టు అది ఒక్క అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి: ఆరు కోడ్ పాయింట్లు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కి ముందు నియమాల ప్రకారం ఇది మూడు గ్రాఫీములు, ఆ తర్వాత ఒకటి. ఒత్తుల్ని ఒత్తులుగా చూడటం యూనికోడ్‌కి అప్పుడు వచ్చింది. తెలుగువాడిగా ఈ మార్పు చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది. అయితే మీ లైబ్రరీ పాతదైతే మీ లెక్క ఒకటి, సర్వరు లెక్క ఇంకొకటి కావచ్చు. నేను 280 దగ్గరే ఆపేస్తాను.

ఇక మోడల్, అంటే వాక్యాలు అల్లే ఏఐ ప్రోగ్రాం. ‘కుండపోత’కి ఉదాహరణ వాక్యం రాయమని ల్యాప్‌టాప్‌లోనే నడిచే చిన్న మోడల్‌ని అడుగుతున్నాం. అది టోకెన్లలో, అంటే రాతని కోసిన ముక్కల్లో ఆలోచిస్తుంది. ఆ కోత కోసేది టోకెనైజర్. బైట్ల మీద కట్టిన టోకెనైజర్ తెలుగు పెద్దగా చూడకపోతే ఒక్క కోడ్ పాయింట్‌ని మూడు ముక్కలు చేయగలదు. ‘తెలుగు’ అన్న మాటకే 18 టోకెన్ల దాకా పోవచ్చు. ఇంగ్లీషు ఉదాహరణల్లో కనిపించే టోకెన్ల పరిమితిని అలాగే తెచ్చి పెడితే వాక్యం సగంలో, ఒక్కోసారి అక్షరం సగంలో ఆగుతుంది. నలుపు వజ్రంలో ప్రశ్నార్థకం కనిపిస్తే కారణం అదే. పరిమితి పెంచండి. టోకెన్లని ఒక్కొక్కటిగా అక్షరాలుగా మార్చకండి, బైట్లన్నీ చేరాక ఒకేసారి మార్చండి. వచ్చిన వాక్యాన్ని మాత్రం మీరు చదివాకే పోస్టు చేయండి. చిన్న మోడళ్ళు లేని తెలుగు మాటల్ని చాలా నమ్మకంగా పుట్టిస్తాయి.

ఇంటిపని: ‘సాయంత్రం వాన #హైదరాబాద్’లో ట్యాగు మొదలు, ముగింపు ముందు చేత్తో, తర్వాత కోడ్‌తో కట్టండి. 35, 63 రావాలి. ముగింపు 66 వస్తే మీ లెక్క తప్పు కాదు, మీ ఐత్వం రెండు ముక్కలుగా వచ్చింది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చీ రాయొచ్చు. రాతని ముందు, ఇలాంటి జంటల్ని ఒకే గుర్తుగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చి, అప్పుడు బైట్లు లెక్కపెట్టండి.