అందరూ ఇంట్లోనే ఉండే వేసవిలో వంటింటికి వేళలు పెట్టడం ఎలా?

2020 మార్చి 25, ఉగాది నాడే కరోనా లాక్‌డౌన్ మొదలైంది. 21 రోజులన్నారు, తర్వాత మే 3 దాకా అన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే పిల్లలు ముందే వచ్చేశారు, మనవలకి బడి లేకపోయింది, తాతగారికి రావిచెట్టు కింద కబుర్లు లేకుండా పోయాయి. కోనసీమలో చూసినా, పాలకొల్లు వైపు చూసినా చాలా ఇళ్లలో అప్పుడు ఇదే వరస. పొద్దున కాఫీకి వెలిగించిన పొయ్యి రాత్రి పాలు కాగేదాకా ఆరేది కాదు. దాని ముందు నిలబడేది ఒక్కరు, మహా అయితే ఇద్దరు. ఏప్రిల్ ఉక్కలో అది చిన్న శిక్ష కాదు. అందుకే అలాంటి రోజుల్లో పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా పొయ్యి వెలిగించకుండా ఇల్లు నడిపే పద్ధతి ఒకటి చెబుతాను.

1. ముందు రెండు రోజులు రాయండి

పిల్లల పాత నోటుబుక్కులో ఎవరు ఎన్నింటికి ఏం అడిగారో రాసి పెట్టండి. చాలా ఇళ్లలో పెద్ద దొంగ టీ అని తేలుతుంది. ఒకరికి పదింటికి, ఇంకొకరికి పన్నెండింటికి, ఆఫీసు ఫోన్లో ఉన్నవాళ్లకి మూడింటికి. రెండు పూటలు కాచి ఫ్లాస్కులో పోసి చావిట్లో పెట్టేయండి. మూడో రోజు రాత్రి భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి కొత్త వేళలు చెప్పాలి. మామగారికి ఈ సంగతి చెప్పాల్సింది కొడుకు. కోడలి నోట వస్తే మాట వేరేగా వినిపిస్తుంది.

2. బజారు ఒక్కరి పని

దుకాణాలు పొద్దున కాసేపే తీసే అలాంటి రోజుల్లో రోజూ పరుగెత్తకుండా మూడు నాలుగు రోజులకి సరిపడా తెచ్చుకోండి. ఎప్పుడూ ఒకే మనిషి వెళ్లడం మంచిది. అరవై దాటినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు వద్దు. రాగానే బోరింగు దగ్గరే సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కుని లోపలికి రావాలి. కూరగాయల్ని మామూలు నీళ్లతో బాగా కడిగితే చాలు. సబ్బు, బ్లీచింగు వాటికి తగలనివ్వకండి. దాళ్వా (రెండో పంట వరి) కోతలకి చేలోకి వెళ్లి వచ్చేవాళ్లకీ ఇదే పద్ధతి.

3. నిలబడక్కర్లేని టిఫిన్లు ఎంచుకోండి

అసలు కిటుకు ఇక్కడుంది. ఆరుగురికి పెసరట్లు వేయాలంటే పెనం ముందు గంట గడిచిపోతుంది, వేసేవాళ్లు చివరికి చల్లారిన అట్టు తినాలి. అదే దిబ్బరొట్టె అయితే ముకుడు పొయ్యి మీద పెట్టి మీరు వేరే పని చూసుకోవచ్చు. ఒక గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి, గట్టిగా, మెత్తగా రుబ్బండి. రెండు గ్లాసుల బియ్యపు రవ్వని కడిగి కాసేపు నానబెట్టి, నీళ్లు పిండేసి అందులో కలపండి. ఉప్పు, జీలకర్ర వేయండి. మందపాటి ఇనప ముకుట్లో నాలుగు చెంచాల నూనె వేడయ్యాక పిండి రెండు అంగుళాల మందాన పోసి, మూతపెట్టి, మంట బాగా తగ్గించాలి. పావుగంట, ఇరవై నిమిషాల్లో అడుగు ఎర్రగా కాలుతుంది. అప్పుడు తిరగేసి, మూత లేకుండా ఇంకాసేపు ఉంచండి. తొందరపడి మంట పెంచితే పైన మాడుతుంది, లోపల పిండి పిండిగానే ఉంటుంది. ఒక రొట్టె ముక్కలు కోస్తే ముగ్గురికి వస్తుంది. రెండు ముకుళ్లు పెడితే ఇల్లంతా ఒకేసారి తింటుంది. నంజుకోవడానికి పాత ఆవకాయో కొబ్బరి పచ్చడో చాలు, బెల్లం పానకం ఉంటే పిల్లలు ఇంకేమీ అడగరు.

మిగతా రోజుల్లో చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చుక్క మజ్జిగతో తోడుపెట్టండి. పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చి పక్కన పెడితే అయిపోయినట్టే. ఐటీ ఉద్యోగాల పిల్లలు మొదటి రోజు మూతి ముడుస్తారు, నాలుగో రోజు వాళ్లే అడుగుతారు.

టిఫిను సర్దేలోపు పక్క పొయ్యి మీద పప్పు, అన్నం, ఒక కూర పడిపోవాలి. రెండు కూరలు ఆదివారానికి ఉంచండి.

4. మధ్యాహ్నం ఆకలికి ముందే ఏర్పాటు

పదకొండున్నరకల్లా చావిట్లో ఒక బల్ల మీద మజ్జిగ కుండ, మరమరాల డబ్బా, అరటిపళ్లు పెట్టేయాలి. తాటి ముంజలు దొరికిన రోజు సరేసరి. ఎవరికి కావాల్సింది వాళ్లే తీసుకుని, తాగిన గ్లాసు వాళ్లే కడిగి బోర్లించాలి. ఈ ఒక్క నియమం దగ్గర మాత్రం మెత్తబడకండి.

5. అంట్లు, నీళ్లు, బట్టలు మగవాళ్లకి

పని పేరు చెప్పి, మనిషి పేరు చెప్పి అప్పగించండి. ‘కాస్త సాయం చేయండి’ అంటే ఎవరూ కదలరు. అంట్లు పెరట్లో నీడ ఉన్న వేళకి పెట్టుకోవాలి. వేసవిలో పంట కాలువలు కట్టేస్తారు, అందుకని చెరువు నీళ్ల మీద ఆధారపడ్డ ఊళ్లలో తాగే నీళ్లు కాచి చల్లార్చే పని పొద్దున పొయ్యి ఆర్పేముందే అయిపోవాలి. పదో తరగతి పిల్లలుంటే టీవీలో పాఠాల వేళకి (2020లో దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో వచ్చేవి) వాళ్లకి ఏ పనీ చెప్పకండి.

6. మాగాయ అందరిదీ

కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ బజారుకొస్తే చెక్కు తీయడం తాతగారికి, ముక్కలు కోయడం కొడుక్కి, ఎండబెట్టి కాకుల్ని తోలడం పిల్లలకి ఇవ్వండి. ఉప్పు, పసుపు పట్టించిన ముక్కలు మూడు రోజులు ఊరాక పిండేసి, చాప మీద ఎండబెట్టాలి. ఊట కూడా విడిగా ఎండలో పెట్టాలి. ఇందులో పొయ్యి పని తాలింపు ఒక్కటే. దూరాన ఉండిపోయిన అమ్మాయికి బస్సులు లేని రోజుల్లో జాడీ పంపలేమని దిగులుపడకండి. ఆమె వాటా ముక్కల్ని గలగలలాడేలా ఎండనిచ్చి తడి తగలని డబ్బాలో ఉంచండి. కారం, మెంతిపిండి కలిపి తాలింపు వేయడం ఆమె వచ్చాకైనా చేసుకోవచ్చు.