జాతర ఏడాది పైన్ కుండీ మార్చుడు

పైన్ బోన్సాయ్ కుండీ ఎప్పుడు మార్చాలని అడిగితే నేను నెల పేరు చెప్పను, మేడారం జాతర దగ్గరపడ్డప్పుడు అంటాను. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ పున్నమికి వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21న మొదలైంది, 2026లో జనవరి 28న. లేత పైన్‌కు కుండీ మార్చే గడువు కూడా ఇంచుమించు రెండేళ్లే. బెరడు పగిలి ముదిరిన చెట్టయితే ఒక జాతర వదిలేసి తర్వాతి జాతరకు చూసుకోవచ్చు.

జపాన్ వాళ్ల వీడియోలు చూసి మార్చి, ఏప్రిల్ దాకా ఆగేవాళ్లు మన హనుమకొండలోనూ ఉన్నారు. అక్కడ అప్పుడే చలి విడుస్తుంది, ఇక్కడ అప్పటికే ఎండ ముదురుతుంది. కుండీ మార్చేటప్పుడు వేర్లు కొంత కోస్తాం, అలా వేరు కోసిన చెట్టు కుదురుకోవడానికి నెల, నెలన్నర కావాలి. హోలీకి కోస్తే అది కుదురుకునేలోపే మన డాబాలు పెనంలా కాలుతుంటాయి. సంక్రాంతికి చలి చంకలెత్తనివ్వదు, శివరాత్రికి శివశివా అని పోతుంది అంటారే, ఆ రెండు పండుగల నడుమే మనకున్న సందు. ఆ సందులో ఏ రోజన్నది మొగ్గ చెబుతుంది. కొమ్మ చివర మొగ్గ ఉబ్బి కొంచెం సాగాలి, అందులోంచి సూదులు, అంటే పైన్ ఆకులు, మాత్రం ఇంకా విడివడొద్దు.

మీ దగ్గరున్నది ఏ పైనో ముందు చూసుకోండి. మన దగ్గర అమ్మేవాటిలో గుత్తికి రెండు సూదులుంటే చాలావరకు జపాన్ నల్ల పైన్, మూడుంటే చిర్ పైన్. ఐదు సూదుల తెల్ల పైన్ చల్లటి కొండల చెట్టు, మన మే నెలకు ఆగదు, ఎంత తక్కువకిచ్చినా కొనకండి. హిమాలయాల కింది వాలుల్లో ఎండకు అలవాటుపడ్డ చిర్ పైన్ అయితే నాకు బెంగ ఉండదు.

గడువు దాటిందని మాత్రమే చెట్టును పీకొద్దు. నీళ్లు పోస్తే పైనే నిలబడుతున్నా, వెదురు పుల్ల గుచ్చితే దిగకపోయినా, వేర్లు అడుగున చుట్టుకొని చెట్టునే పైకి ఎత్తుతున్నా అప్పుడు ముట్టుకోండి. ఇవేవీ లేకుంటే ఇంకో ఏడాది ఉండనివ్వండి. పైన్‌కు వేరు కదిలించడం అసలే ఇష్టముండదు.

ఇక మట్టి. నల్లరేగడి, ఎర్రమట్టి రెండూ వద్దు, కోకోపీట్ అంతకన్నా వద్దు. జపాన్ వాళ్లు బోన్సాయ్‌కు వాడే అకడామా అనే మట్టి మన దాకా వచ్చేసరికి ధర చుక్కలనంటుతుంది. నాకు ఇటుక చాలు. అయితే బాగా కాలిన ఇటుకే కావాలి. ముక్కను రాత్రంతా నీళ్లలో నానేసి పొద్దుగాల వేళ్ల నడుమ నలపండి. ఎర్ర బురద అంటిందంటే అది పచ్చి ఇటుక, కుండీలో వానకాలం దాటకముందే బురదవుతుంది. గట్టిదాన్ని దంచి జల్లించి 3 నుంచి 6 మిల్లీమీటర్ల ముక్కలే ఉంచుకోండి, దుమ్ము మొత్తం పోవాలి. ప్లాస్టరింగ్‌కు ఇసుక జల్లించాక మేస్త్రీలు పక్కన పారబోసే సన్న గులకరాళ్లు కూడా అదే సైజు, అడిగితే ఊరికే ఇస్తారు. ఇటుక రెండు పాళ్లు, గులక ఒక పాలు, జల్లించిన ఆకు ఎరువు గుప్పెడు. అంతే.

ముందురోజు నీళ్లు ఆపేయండి. చెట్టును బయటికి తీశాక వేర్ల మీద తెల్లటి బూజు, సాలెగూడు పరిచినట్టు కనిపిస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుట్టగొడుగు వాసన. కొత్తవాళ్లు దాన్ని చూసి రోగమనుకొని పైపు పెట్టి కడుగుతారు. కడగొద్దు! అది వేరుతో పొత్తు పెట్టుకున్న శిలీంధ్రం. నీళ్లనూ పోషకాలనూ వేరుకు అందిస్తుంది, బదులుగా చెట్టు దగ్గర చక్కెర తీసుకుంటుంది. అందుకే వేర్లుండ మొత్తం విప్పకుండా సగం వైపే పని చేయాలి. ఈ జాతరకు ఒక పక్క పాత మట్టి దులిపి, చుట్టు తిరిగిన వేర్లు కత్తిరించి, రెండో పక్కను అలాగే వదిలేయండి. ఆ పక్క వంతు తర్వాతి జాతరకు. నర్సరీ నుంచి బంకమట్టి ముద్దతో వచ్చిన చెట్టుకు ఇది ఇంకా ముఖ్యం. మొత్తం మీద మూడో వంతు వేర్లకు మించి కోయొద్దు.

కుండీ రంధ్రాల మీద దోమల జాలీ ముక్క వేసి, రంధ్రాల గుండా రాగి తీగ పైకి లాగండి. నాది మోటార్ వైండింగ్ షాపు కాబట్టి పాత కాయిల్ తీగకు కొదవలేదు, మెత్తగా వంగుతుంది. యాసంగిలో మోటార్లు వరసగా కాలి వస్తుంటాయి, ఈ పని షాపు బందున్న రోజే కుదురుతుంది. అడుగున కొంచెం మిశ్రమం పోసి చెట్టు కూర్చోబెట్టి, తీగను వేర్ల మీదుగా తెచ్చి పటకారుతో మెలిపెట్టండి. తీగ కింద రబ్బరు ముక్క పెడితే బెరడు కోసుకుపోదు. మొదలు పట్టుకొని మెల్లగా ఊపితే కుండీ కూడా కలిసి కదలాలి. చెట్టొక్కటే కదిలితే బిగువు చాలలేదు, కొత్త వేరు పుట్టినప్పుడల్లా తెగిపోతుంది. తర్వాత మిశ్రమం నింపి, వెదురు పుల్లతో వేర్ల సందుల్లోకి దింపండి. దంచొద్దు.

కింది నుంచి తేటనీళ్లు వచ్చేదాకా పోయండి. వాన నీళ్లు పట్టిపెట్టుకుంటే ఇంకా మేలు. బోరు నీళ్లకు కుండీ అంచున తెల్లటి పొక్కు కడుతుంది. అది ఉప్పే, పైన చెప్పిన బూజు కాదు, గీకేయండి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం అస్సలు వాడొద్దు.

రెండు మూడు వారాలు గాలి కొట్టని నీడలో, పొద్దుటి ఎండ మాత్రం తగిలేచోట ఉంచండి. ఆ తర్వాత ఎండలోకి తెచ్చినా ఏప్రిల్ నడుమ నుంచి 50 శాతం గ్రీన్ నెట్ కట్టండి, మృగశిర కార్తె దాకా విప్పొద్దు. నెలన్నర దాకా ఎరువు వద్దు, కొత్త సూదులు గట్టిపడ్డాక చిటికెడు వేపపిండితో మొదలుపెట్టండి. నల్ల పైన్‌కు ఎండకాలంలో కొత్త చిగుళ్లు తుంచే అలవాటుంటే ఆ ఏడాదికి అది మానుకోండి. వేరూ చిగురూ ఒకే ఏడు కోస్తే తట్టుకునే బలం దానికి ఉండదు.