క్రాస్ గొర్రె పిల్లలు కావాలంటే ముందు పొట్టేలు సంగతి చూడండి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల క్రాస్ గొర్రెలు, అంటే రెండు జాతులు కలిసినవి, పెంచుదామనుకునేవాళ్లు ముందు అడిగేది పిల్లలు ఎక్కడ దొరుకుతాయని. పిల్లల్ని కొనకండి. మన ఎండకీ మేతకీ అలవాటుపడ్డ నాటు గొర్రెల్ని తల్లులుగా ఉంచుకుని, పొట్టేలును మాత్రం జొడిపిదో మాచర్లదో మంచి జాతిది తెచ్చుకోండి, మందలో పుట్టే ప్రతి పిల్లకీ సగం పోలిక దానిదే కదా.

పొట్టేలు పాలపళ్లు పోయి కనీసం రెండు పెద్ద పళ్లు వేసి ఉండాలి, నాలుగైతే ఇంకా నయం. వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా ఉన్నాయో లేదో చేత్తో పట్టి చూడండి, అమ్మేవాడు నవ్వితే నవ్వనీయండి. పాతిక, ముప్ఫై గొర్రెలకు ఒకటి చాలు. రెండేళ్లకోసారి మార్చేయాలి, లేదంటే తన కూతుళ్లనే దాటుతుంది, అంటే వాటితోనే జత కడుతుంది. క్రాస్‌లో పుట్టిన పొట్టేలు ఎంత దిట్టంగా కనిపించినా విత్తనానికి ఉంచొద్దు, దాని పిల్లలు ఒక్కోటి ఒక్కో రకంగా వస్తాయి.

జూన్, జులైలో దాటిస్తే ఐదు నెలలకు, అంటే నవంబరు, డిసెంబరులో ఈనుతాయి. దాటించే ముందు రెండు మూడు వారాలు గొర్రెకు రోజుకు పావు కిలో దాణా పెట్టండి, కవలలు పడే అవకాశం పెరుగుతుంది. పొట్టేలు బోరకు, అంటే రొమ్ముకు, ఎర్రమన్ను నూనెలో కలిపి పూస్తే దాటిన గొర్రె నడుం మీద మరక పడుతుంది. పదిహేడు రోజులకు రంగు మార్చండి. పాత మరక మీద కొత్త రంగు పడిందంటే ఆ గొర్రె మళ్లీ ఎదకొచ్చింది, చూడి కట్టలేదన్నమాట. ఎక్కువ గొర్రెలకు అలాగే పడుతుంటే అనుమానించాల్సింది పొట్టేలునే.

మేతకు ఇక్కడ కొదవ లేదు, మినుము పొట్టు, పిల్లిపెసర, సుబాబుల్. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటితే బొచ్చు ఊడుతుంది.

పిల్ల పుట్టిన గంటలోపే ముర్రుపాలు తాగించి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయండి.

గొర్రెల్ని ఉన్నట్టుండి చంపేసే చిటుకు రోగానికి టీకా వానలకు ముందే వేయించాలి. తొలకరి పచ్చిక మీదకి ఆకలితో వదలకుండా కాస్త ఎండుమేత పెట్టి తోలండి. అక్టోబరు నుంచి నీలినాలుక రోగం టెన్షన్ మొదలవుతుంది, దాన్ని మోసుకొచ్చేది దోమలాంటి చిన్న పురుగులు, కాబట్టి సాయంత్రం దొడ్డి దగ్గర వేపాకు పొగ వేయండి.

అమ్మేటప్పుడు కంటి అంచనాకు ఒప్పుకోకుండా కాటా వేయించండి. బక్రీదుకు ధర బాగుంటుంది కానీ ఆ పండగ ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వచ్చేస్తుంది, పొట్టేలు పిల్లల వయసు లెక్క దానికి తగ్గట్టే వేసుకోవాలి.