మొదటి రోడ్ బైక్: కొత్తది కొనాలా, పాతది చాలా?

ముందు మాట దగ్గరే తికమక. తెలుగులో బైక్ అంటే మోటారు సైకిల్. పరాయి దేశానికి వచ్చిన కొత్తలో సహోద్యోగి ఒకామె "ఆదివారం బైక్ మీద 80 కిలోమీటర్లు తిరిగొచ్చాను" అంటే, అదేం గొప్ప అనుకున్నాను. ఆమె తొక్కింది సైకిల్ అని తెలిశాక నోరు మూతపడింది. రోడ్ బైక్ అంటే అందులోనూ ఒక రకం. టైర్లు సన్నగా ఉంటాయి, హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగి ఉంటుంది, ముందుకు వంగి తొక్కాలి. వారానికోసారి కూరగాయలు తెచ్చుకోవడానికైతే ఇది వద్దు, మామూలు సైకిల్ చాలు.

కొత్తదా, పాతదా అని అడిగేవారిని నేను ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను: మీ సైజు మీకు తెలుసా? తెలియకపోతే ఇప్పుడే రెండూ వద్దు. ఒక రోజు అద్దెకు తీసుకోండి, లేదా మీ ఎత్తున్న స్నేహితుడి సైకిల్ అడిగి తొక్కి చూడండి. ఫ్రేము సైజును 50, 52, 54, 56 అని సెంటీమీటర్లలో చెబుతారు గాని, ఒక కంపెనీ 54, మరో కంపెనీ 54 ఒకే కొలత కావు. సీటు ఎత్తు చూసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా సాగాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం ఆనుతుంది కనుక మోకాలు కొద్దిగా వంగుతుంది. సీటు సరిచేశాక కూడా హ్యాండిల్ అందుకోవడానికి భుజాలు సాగదీయాల్సి వస్తే ఆ ఫ్రేము మీకు పెద్దది. సీటును పైకీ కిందికీ జరపవచ్చు, ఫ్రేము పొడవును ఎవరూ తగ్గించలేరు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. నా మొదటి సైకిల్ పాతదే. తళతళలాడుతూ ఉంది. సీటు ఒక్క రెండు వేళ్లు కిందికి దించితే సరిపోతుందనిపించింది. అమ్మినాయన "ఇంటికెళ్లి దించుకోండి, నిమిషం పని" అన్నాడు. ఇంటికెళ్లి బోల్టు వదులు చేస్తే సీటు గొట్టం కదిలితే ఒట్టు. ఏళ్ల తరబడి తడికి ఫ్రేము లోపలే పట్టేసింది. మెకానిక్ దగ్గరికి తీసుకెళితే, దాన్ని ఊడదీయడానికయ్యే ఖర్చు సైకిల్ ధరలో సగం దాకా వచ్చింది. అప్పటి నుంచి పాత సైకిల్ చూడటానికి వెళితే పానాల సెట్టు జేబులో ఉంటుంది, మొదట సీటు గొట్టమే కదిపి చూస్తాను.

పానాలతో పాటు ఒక స్కేలు కూడా పట్టుకెళ్లండి. చెయిన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం ఉంటుంది. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి కొలిస్తే, అక్కడి నుంచి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలి. గీతను అంగుళంలో 16వ వంతు దాటితే చెయిన్ మార్చాలి. 8వ వంతు దాటితే వెనక పళ్లచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి, ఖర్చు పెరుగుతుంది. ఇవి బేరమాడటానికి పనికొచ్చే లోపాలే గాని వెనక్కి తిరిగి రావాల్సినవి కావు. చెయిన్, టైర్లు, బ్రేకు రబ్బర్లు అరగడానికే ఉన్నాయి.

భయపడాల్సింది పడిన సైకిల్‌కు. సైకిల్ పడితే పక్కకే పడుతుంది. బ్రేకు లీవరు బయటి అంచు, సీటు అంచు, పెడల్ కొస, ఈ మూడింటి మీదా ఒకే పక్కన గీతలుంటే కథ అర్థమైనట్టే. వెనక నిలబడి చూస్తే, గేర్లు మార్చే డెరైలర్ పళ్లచక్రాల కింద నిలువుగా వేలాడాలి. లోపలికి వంగి ఉంటే ఆ పక్కన దెబ్బ తగిలిందన్నమాట. ఫ్రేము అల్యూమినియందైతే అతుకుల దగ్గర సన్నటి చీలికలున్నాయేమో వేలుగోరుతో తడిమి చూడండి. కార్బన్ ఫైబర్‌తో చేసిన ఫ్రేములో దెబ్బ పైకి కనబడకుండా లోపల దాగి ఉండవచ్చు. అందుకే కొత్తగా మొదలుపెట్టేవారు పాత కార్బన్ సైకిల్ జోలికి వెళ్లవద్దంటాను, ఎంత చవకగా వచ్చినా సరే. రిమ్మును పట్టే బ్రేకులున్న పాత సైకిళ్లను మాత్రం చిన్నచూపు చూడకండి. కొత్తవన్నీ డిస్క్ బ్రేకుల వైపు మళ్లడంతో ఇవి చవకయ్యాయి, మరమ్మతూ తేలిక. రిమ్ము పక్కభాగం లోపలికి గుంట పడేంత అరిగిందేమో చూస్తే చాలు. వాటిలో 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పడుతుందా అని అడగండి. పాత వాటిలో చాలా వాటికి 25 మించి పట్టదు, గతుకుల మీద ఆ తేడా నడుముకు తెలుస్తుంది.

గేర్ల పేర్లతో బెంబేలెత్తవద్దు. గేర్లు తయారుచేసే షిమానో కంపెనీలో క్లారిస్, సోరా, టియాగ్రా, 105 అనేవి కింది నుంచి పైకి మెట్లు. పాతదాని బలం ఇక్కడే ఉంది. కొత్త క్లారిస్ సైకిల్ కొనే డబ్బుకు, బాగా చూసుకున్న పాత 105 సైకిల్ తరచుగా దొరుకుతుంది.

మరి కొత్తది ఎవరికి? సైకిళ్ల సంగతి తెలిసినవారు వెంట లేనివారికి. చాలా కంపెనీలు ఫ్రేము వారంటీని మొదటి కొనుగోలుదారుకే ఇస్తాయి. మొదటి వారాల్లో కేబుళ్లు సర్దుకుని గేర్లు తప్పుతుంటే, కొన్న దుకాణం వారే చాలా చోట్ల ఉచితంగా సరిచేస్తారు. అయితే ఖరీదైన వాటిని పెడళ్లు లేకుండా అమ్ముతారని మరిచిపోకండి. హెల్మెట్, లైట్లు, గట్టి తాళం, సన్నటి వాల్వుకు సరిపడే పంపు, అదనపు ట్యూబు కూడా లెక్కలో వేసుకోండి.

నాలాగే పరాయి దేశానికి వచ్చిన మీరు అక్కడ ఏడాది ఉంటారో పదేళ్లుంటారో తేలకపోతే, నా ఓటు తెలిసినవారిని వెంటబెట్టుకుని కొన్న పాత అల్యూమినియం సైకిల్‌కే. తిరిగి అమ్మితే పెద్దగా నష్టపోరు. కొనేముందు రశీదు అడగండి. పెడళ్ల ఇరుసు ఉండే చోట, ఫ్రేము అడుగున సాధారణంగా సీరియల్ నంబరు చెక్కి ఉంటుంది. దొంగతనం ఫిర్యాదుల జాబితా ఆ దేశంలో ఉంటే అందులో ఆ నంబరు వెతకండి. నంబరు గీకేసి ఉంటే మాట్లాడకుండా వచ్చేయండి. వీసా మీద ఉన్నవారికి దొంగ సొత్తు తలనొప్పి అసలే వద్దు.

కొన్నాక మొదటి పది నిమిషాలు ఖాళీ స్థలంలో తొక్కండి. బ్రిటన్‌లో అమ్మే సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, అమెరికాలో ఎడమచేతిది. పాతదైతే యజమాని తన అలవాటు కొద్దీ మార్పించుకుని కూడా ఉండవచ్చు. నెమ్మదిగా వెళుతూ ఒక్కో బ్రేకును విడిగా నొక్కి, ఏ చెయ్యి ఏ చక్రాన్ని ఆపుతోందో చూసుకున్నాకే వాహనాల మధ్యకు వెళ్లండి.