వాటర్ కూలింగ్ ఉన్నా పీసీ వేడెక్కుతోందా? కూలెంట్ చిక్కదనం చూడండి

సమస్య: పంపు, ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతున్నా గేమ్ మొదలవగానే ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటుతోంది.

ముందు గది వేడి సంగతి తేల్చుకోవాలి. రోహిణి కార్తెలో భీమవరంలోనో అమలాపురంలోనో గది 38 డిగ్రీలుంటే, ఎంత ఖరీదైన రేడియేటరైనా (కూలెంట్ వేడిని గాలికి వదిలే భాగం) లూప్‌ను, అంటే కూలెంట్ తిరిగే దారిని, అంతకంటే చల్లబరచలేదు. గది, కూలెంట్ ఉష్ణోగ్రతలు రెండూ చూడండి. తేడా 15, 20 డిగ్రీలుంటే రేడియేటర్ మీది దుమ్ము దులపండి, ఫ్యాన్లు చూడండి. తేడా పదిలోపే ఉండి ప్రాసెసర్ మాత్రం మండిపోతుంటే, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ వాటర్ బ్లాక్‌కూ మధ్య పూసేది) ఎండిపోయి ఉండాలి, లేదా ప్రాసెసర్ మీద కూర్చునే ఆ వాటర్ బ్లాక్‌లోని సన్నటి సందుల్లో కూలెంట్ సరిగా పారడం లేదు.

కారణం: కారు కూలెంట్ పోసి ఉంటే అనుమానం దాని మీదే. 20 డిగ్రీల దగ్గర నీటి చిక్కదనం ఒకటి అనుకుంటే, కారు కూలెంట్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం సగం కలిపినదానిది సుమారు నాలుగు. పైగా అది నీళ్లంత వేడిని మోయలేదు. కార్లలో గ్లైకాల్ అంతగా కలిపేది ముఖ్యంగా గడ్డకట్టకుండా ఉండటానికి. సంక్రాంతి చలిలో కూడా మన డెల్టాలో నీళ్లు గడ్డకట్టవు కదా, ఆ బరువు పంపు మీద ఎందుకు?

అయితే కొద్దిపాటి చిక్కదనానికి టెన్షన్ పడనక్కర్లేదు. 300 వాట్ల వేడికి నిమిషానికి 4 లీటర్ల నీరు పారితే ఒక డిగ్రీ వేడెక్కుతుంది, ఒక్క లీటరే పారితే 4 డిగ్రీలు. ఫ్లో బాగా పడిపోయినప్పుడే అసలు దెబ్బ.

చిక్కదనమా, బ్లాక్‌లో పూడికా? జనవరిలో తెల్లవారుజామున పీసీ ఆన్ చేసి ఫ్లో మీటర్ చూడండి. గంటసేపు లోడ్ (గేమ్‌లాంటి బరువైన పని) పెట్టి మళ్లీ చూడండి. వేడెక్కేకొద్దీ ఫ్లో బాగా పెరిగితే కూలెంట్ చిక్కగా ఉన్నట్టే. పెద్దగా మారకపోతే బ్లాక్ విప్పి మెత్తటి బ్రష్‌తో కడగాలి. రంగు కూలెంట్లు వాడినవాళ్లకు ఈ పని తరచూ పడుతుంది.

పరిష్కారం: పాతది తీసేసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పీసీల కోసమే కలిపి అమ్మే రంగులేని పలుచటి కూలెంట్ పోయండి. బోరు నీళ్లు వద్దే వద్దు. తీరం దగ్గర చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. మినరల్ వాటర్ టిన్ను నీళ్లలోనూ కొంత లవణం ఉంటుంది. అలాగని వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో వదిలేయకండి, తుప్పునీ నాచునీ ఆపే మందు ఉండాలి.

సమస్య: మొదట బాగానే ఉండి, నెలలు గడిచేకొద్దీ ఫ్లో తగ్గుతోంది.

లీకేజీ లేకపోయినా మెత్తటి ట్యూబుల గోడల గుండా నీరు కొద్దికొద్దిగా ఆవిరవుతుంది, గ్లైకాల్ మిగిలిపోతుంది. మట్టం తగ్గిన ప్రతిసారీ కూలెంటే పోస్తే చిక్కదనం పెరుగుతూ పోతుంది. డిస్టిల్డ్ వాటర్ పోయండి. ఎక్కడైనా కారుతుంటే మాత్రం, అది ఆపి, అదే కూలెంట్‌తో నింపాలి.

సమస్య: బుడగలు పోవడం లేదు.

చిక్కటి ద్రవంలో ఇవి ఎక్కువసేపు నిలుస్తాయి. రిజర్వాయర్ (కూలెంట్ నింపే తొట్టి) మూత వదులు చేసి, కేస్‌ను మెల్లగా అటూ ఇటూ వంచుతూ పంపు వేగం మార్చండి.

సీల్ వేసి వచ్చే ఏఐఓ (ఆల్ ఇన్ వన్, అన్నీ ఒకటిగా బిగించి వచ్చే) కూలర్లను మాత్రం విప్పకండి. వాటిలో సమస్య వస్తే వారంటీలో మార్చుకోవడమే మంచిది.