పాత మండువా ఇల్లు కొనే ముందు, కప్పు విప్పే ముందు

కోనసీమలో, పశ్చిమ గోదావరి పల్లెల్లో మండువా ఇళ్ళు, అంటే నడుమ పైకప్పు లేని వాకిలి ఉండే పాత పెంకుటిళ్ళు, ఒక్కొక్కటిగా అమ్మకానికి వస్తున్నాయి. పెద్దవాళ్ళు పోయారు, పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో స్థిరపడ్డారు, ఇంటికి తాళం పడింది. కొనాలనుకునేవాళ్ళు చాలామంది సంక్రాంతికి వచ్చి చూస్తారు. ఆ నాలుగు రోజులూ ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. వాకిట్లో ముగ్గులు, అరుగు మీద జనం, మండువాలో పడే లేత ఎండ. ఆ ఊపులోనే అడ్వాన్స్ ఇచ్చేస్తారు. కాగితాలు తేలేసరికి మే నెల వస్తుంది, కప్పు విప్పేసరికి మృగశిర కార్తె. విప్పిన కప్పులోంచి వాన పడితే గోడలు తాగిన నీళ్ళు నెలల తరబడి ఆరవు.

నా లెక్క వేరు. ఇల్లు చూడాల్సింది శ్రావణ భాద్రపదాల్లో, వాన పడుతుండగా. కప్పు ముట్టుకోవాల్సింది సంక్రాంతి దాటాక. రోహిణి కార్తె వచ్చేసరికి పెంకు మళ్ళీ పైకెక్కి ఉండాలి.

వానలో ఎందుకంటే, మండువా ఇంటికి కప్పు లోపలి వాలు నీళ్ళన్నీ ఇంటి నడిబొడ్డునే పడతాయి. అవి ఒక్క తూము గుండా బయటికి పోవాలి. కాబట్టి ముందు చూడాల్సింది స్తంభాల నగిషీ కాదు, ఆ తూము. వాన లేకపోతే నాలుగు బిందెలు కుమ్మరించి నీళ్ళు ఎక్కడ తేలుతున్నాయో చూడండి. వీధిలో సిమెంటు రోడ్డు పొర మీద పొర వేసిన ఊళ్ళలో తూము నోరు రోడ్డు కంటే కిందికి పోయి ఉంటుంది. అలాంటి చోట పెద్ద వానకి మండువా నిండి నీళ్ళు గదుల్లోకి వస్తాయి. రోడ్డును మీరు తవ్వలేరు. పెరటి వైపు తూము తిప్పడానికి వాలు ఉందో లేదో కొనక ముందే తేల్చుకోవాలి.

తర్వాత కప్పు మూలలు. మండువా చుట్టూ రెండు వాలులు కలిసే చోట నీళ్ళు జారడానికి రేకు వేస్తారు. అది తుప్పు పట్టి చిల్లులు పడితే దాని కింద ఉన్న మూల వాసం అన్నిటికంటే ముందు పుచ్చుతుంది. అలాగే దూలాల్లో ముందు పాడయ్యేది గోడలోకి దిగిన చివర. నడి భాగం నిగనిగలాడుతుంటే చూసి మురిసిపోకండి, నిచ్చెన వేయించుకుని గోడ దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మంచి టేకు లొంగదు. మెత్తగా దిగిపోతే ఆ దూలం మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనాలి. అటక మీద, గుమ్మాల వెనక చెదల మట్టి గీతలు వెతకండి. అమ్మకానికి ముందు ఒక్క గోడకే కొత్త రంగు వేశారంటే ఆ గోడకి ఏదో కథ ఉందన్నమాట.

గోదావరి సంగతి ఊళ్ళో వయసు మళ్ళినవాళ్ళని అడగాలి. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ఏడాది నీళ్ళు ఈ అరుగు మీదికి వచ్చాయా, 2022 జులై వరదలో ఎంతవరకు వచ్చాయి? ఇల్లు ఏటిగట్టుకి లోపలా బయటా అన్నది మరీ ముఖ్యం. నది పాయల మధ్య ఉన్న లంక ఊరైతే ధర ఎంత తక్కువైనా రెండుసార్లు ఆలోచించండి.

ఇక కాగితాలు. నిజం చెప్పాలంటే, ఇలాంటి ఇళ్ళ బేరాలు పుచ్చిన దూలాల కంటే వారసుల దగ్గరే ఎక్కువ చెడతాయి. ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊళ్ళో ఇళ్ళ కోసం వదిలిన స్థలంలో, ఉంటే చాలాసార్లు ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించి ఇవే కాగితాలంటారు. పన్ను కట్టినంత మాత్రాన యజమాని అయిపోరు. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. స్థలం దేవస్థానానిదో ప్రభుత్వానిదో అయి రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందేమో చూడాలి. నోటిమాట మీద జరిగిన అన్నదమ్ముల పంపకాలు ఈసీలో కనిపించవు. అందుకే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అడిగి, అందులో ఉన్న ప్రతి పేరుకీ సంతకం ఉండేలా చూసుకోండి.

ఆడపిల్లల సంతకం అక్కర్లేదండీ, కట్నం ఇచ్చేశాం అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ 2005 సెప్టెంబరు 9న చట్టం మారింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పంపకాలు రిజిస్టర్ అయి ఉంటే అది వేరే మాట. అమెరికాలో ఉన్న వారసుడు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) ధ్రువీకరించి పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. వాట్సాప్‌లో "నాకు ఓకే అన్నయ్యా" అన్న మెసేజ్ ఎందుకూ పనికిరాదు. బ్యాంకు లోన్ మీద ఆశ పెట్టుకుని కూడా అడ్వాన్స్ ఇవ్వకండి. గ్రామకంఠంలో ఉన్న పాత పెంకుటింటికి లోన్ దొరకడం కష్టం.

పక్కింటివాళ్ళతో కూడా ముందే మాట్లాడండి. గోడ ఉమ్మడిదా, మన చూరు నీళ్ళు వాళ్ళ దొడ్లో పడుతున్నాయా? ఇరవై ఏళ్ళుగా ఎవరూ కాదనకుండా పడుతుంటే ఆ హక్కు మీకు నిలవొచ్చు. కానీ కొత్తగా వచ్చి కోర్టు మాట ఎత్తేకంటే ఒక పూట వాళ్ళ అరుగు మీద కూర్చోవడం మేలు.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. పాత టేకు సామానుకి ఇంటికి మించిన గిరాకీ. తమిళనాడులోని కారైకుడిలో ఇలాంటి పాత ఇళ్ళ చెక్కకి, సామానుకి బజారే ఉంది. అగ్రిమెంటు రాసుకున్న రోజు ఉన్న సింహద్వారం, ఉయ్యాల బల్ల, పందిరి మంచం రిజిస్ట్రేషన్ రోజుకి ఉంటాయన్న హామీ లేదు. తలుపులు, స్తంభాలు, దూలాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఫొటోలు తీసి, ఆ జాబితా అగ్రిమెంటులోనే రాయించండి.

పని మొదలయ్యాక మొదటి జాగ్రత్త సిమెంటుతో. గానుగ సున్నంతో కట్టిన గోడ నేల నుంచి పీల్చిన తేమని మెల్లగా గాలిలోకి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఇరుక్కుంటుంది, ఉప్పు తేలుతుంది, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు మేస్త్రీ గోడ పాతదండి, పడగొట్టేద్దాం అంటాడు. సున్నం పని తెలిసిన మనిషి దొరికేదాకా గోడ జోలికి పోకపోవడమే నయం.

పెంకు దించేటప్పుడు ఒక వాలు మొత్తం ఖాళీ చేసి రెండోది అలాగే ఉంచకూడదు, బరువు ఒకవైపే పడి వాసాలు పక్కకి తోస్తాయి. రెండు వైపులా కొంచెం కొంచెంగా దించాలి. దూలం మార్చేముందు కింద గట్టి ఊతాలు పెట్టాలి. పగిలే పెంకులకి బదులు ముందే వెతికిపెట్టుకోండి. బంగళా పెంకు ఒక్కో కంపెనీది ఒక్కో గాడి, ఒకదానికొకటి సరిగ్గా కుదరవు, సందుల్లోంచి కారుతుంది.

అటకలో చేతులు పెట్టేముందు టార్చి, మందపాటి గ్లోవ్స్. తేళ్ళు, పాములు ఉండడం మామూలే. పాము కాటేస్తే కట్లు కట్టడం, కోయడం వద్దు, కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. చెక్క పట్టీల మీద నడిచే పాత వైరింగ్ ఉంటే మీటర్ దగ్గరే సరఫరా తీయించి, ఎర్తింగ్‌తో కొత్తది వేయించాకే లైటు వెలిగించాలి. పెరట్లో ఏళ్ళుగా మూతపడిన నుయ్యి ఉంటే పూడిక తీయడానికి ఎవరినీ దింపకండి. అడుగున ఊపిరాడక ఒకరు పడిపోతే, తీయడానికి దిగిన రెండో మనిషీ పడిపోతాడు. పైనుంచి యంత్రంతో తోడించండి.